చోడి బీరుకు వడపోత

ఇరవై ఆరేళ్ళ వయసులో ఒక ఏడాదిపాటు బీరు వడకట్టడం తప్ప వేరే ధ్యాస లేకుండా బతికాను. తాగుడుకు బానిసనయ్యానని అనుకోకండి. బానిసవ్వాలంటే ముందు తాగడానికి కాస్త బీరు తయారవాలి కదా. నా దగ్గర తయారైందల్లా మడ్డి. బాన అడుగున మడ్డి, పైన పిప్పి, ఆ రెండింటి మధ్యా నా యవ్వనం.

అప్పుడు నేను మలయాలో బాగన్ దాతుక్ వైపు ఒక కొబ్బరి తోటలో చిన్న కిరాణిని, అంటే ఆఫీసు గుమాస్తాని. తెల్లదొరల మీద కమ్యూనిస్టులు తిరగబడిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో దాక్కున్నవాళ్ళకు తిండి గింజ అందకూడదని తోట చుట్టూ ముళ్ళ కంచె వేశారు. బియ్యం మనిషికింతని కొలిచి ఇచ్చేవారు. చీకటి పడకముందే గేటు మూసేసేవారు. కూలీల లైన్లు, అంటే వరస ఇళ్ళు, కంచెకు ఆ చివర, నా క్వార్టర్సు ఈ చివర ఆఫీసు పక్కన. రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక చిన్న వరండా, దాని కింద మూడు మెట్లు. ఆ ఇంట్లో నేనొక్కణ్ణే.

దొర బంగళాకు నన్ను కాగితాల మీద సంతకాలకు తప్ప పిలిచేవారు కాదు. పెద్ద కిరాణి పెళ్ళాం పిల్లలతో ఉండేవాడు. పండగ పూట ఆకు వేసి భోజనం పెట్టి మళ్ళీ పండగ దాకా నన్ను మరిచిపోయేవాడు. లైన్లలో సగం మంది తెలుగువాళ్ళే, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ. సాయంత్రం నాలుగు దాటితే కల్లు కొట్టు దగ్గర వాళ్ళ నవ్వులు, తగువులు, పాటలు నా వరండా దాకా వినిపించేవి. నేను మాత్రం వెళ్ళకూడదు. కిరాణి అన్నవాడు కల్లు కొట్టుకెళ్తే మర్నాడు హాజరు పిలిచేటప్పుడు ఎవడూ లెక్కచేయడని మా నాన్న చెప్పి మరీ పంపాడు. ఆయనా కిరాణిగానే తల నెరిపించుకున్నాడు.

ఒంటరితనం అనే మాట అప్పట్లో నాకు తోచలేదు. నాకు కోపం ఎక్కువనుకునేవాణ్ణి. అన్నం చల్లారిపోయిందని కోపం, ఈగ వాలిందని కోపం, తలుపు కిర్రుమంటే కోపం. ఎవరైనా మాట్లాడితే విసుగు, మాట్లాడకపోతే ఇంకా విసుగు.

అలాంటి రోజుల్లో, సెలవు మీద ఇంగ్లండు వెళ్ళి తిరిగి రాని ఒక చిన్న దొర సామాను జాబితా రాయమని నన్ను పురమాయించారు. బూట్లు, టెన్నిస్ బ్యాటు, పొగాకు డబ్బాలు. వాటి అడుగున ఇంట్లోనే బీరు కాచుకునే పద్ధతి చెప్పే పల్చటి పుస్తకం ఒకటి ఉంది. జాబితాలో అన్నీ రాశాను, దాన్ని మాత్రం రాయలేదు. నా జీవితంలో నేను చేసిన దొంగతనం అదొక్కటే.

పుస్తకం ప్రకారం పని తేలికే. గింజను మొలకెత్తించాలి, ఎండబెట్టాలి, పగలగొట్టాలి. వేలు పెట్టగానే చురుక్కుమనేంత వేడి నీళ్ళలో గంటసేపు నానబెట్టాలి. గింజలోని తీపంతా నీళ్ళలోకి దిగుతుంది. ఆ తీపి నీళ్ళను గింజ నుంచి వేరుచేసి, మరిగించి, చల్లార్చి, పులియబెట్టాలి. ఆ వేరుచేయడం దగ్గరే రచయిత నన్ను నట్టేట ముంచాడు. బాన అడుగున తగిన వడపోత ఒకటి పెట్టుకోమని ఒక్క ముక్క రాసి తరవాతి పేజీకి వెళ్ళిపోయాడు. తగినది ఏదో నేను తేల్చుకోవడానికి ఏడాది పట్టింది.

ముందు తెలుక్ ఆన్సన్‌లో చీనా కొట్టు నుంచి బార్లీ తెచ్చి తడి గోనెలో కట్టాను. నాలుగు రోజులకు ఇల్లంతా కంపు కొట్టింది గానీ ఒక్క మొలక రాలేదు. మా ఇల్లు ఊడ్చి గిన్నెలు తోమడానికి లైన్ల నుంచి ఒక ముసలావిడ వచ్చేది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. నేను మామ్మా అని పిలిచేవాణ్ణి, ఆవిడ నన్ను బాబూ అనేది. గోనె విప్పి చూసి, ముక్కు మూసుకోకుండా రెండు గింజలు వేళ్ళ మధ్య నలిపింది.

"తోలు తీసేసిన గింజ మొలుస్తాదేటి బాబూ? ఇది సచ్చిపోయి శానా రోజులైనాది."

జబ్బు పడినవాళ్ళకు జావ కాచే బార్లీ అది, పైపొట్టు తీసి నున్నగా చేసినది. ఇంగ్లీషు పుస్తకం చదివిన కిరాణికి ఆ మాత్రం తెలియలేదు. ఇంక దాచి లాభం లేదని ఆవిడకు సంగతి చెప్పేశాను. తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుందని కూడా చెప్పాను. ఆవిడ భయపడలేదు సరిగదా, చిన్నప్పుడు కొండ దిగువన వాళ్ళమ్మ చోళ్ళతో అలాంటిదే చేసేదని మొదలుపెట్టింది. రాగులను మావాళ్ళు చోళ్ళంటారు. మొలకలెత్తించి, ఎండబెట్టి, విసిరి, కుండలో పులియబెట్టేవారట. వడకట్టేవారా అని అడిగాను. వడకట్టడమేమిటి, అంబలిలా పిప్పితో సహా తాగేవాళ్ళమంది.

నాకు తేట కావాలి. పుస్తకంలో బీరు తేటగా ఉంటేనే చేసినవాడికి పని తెలిసినట్టని రాశాడు. అది విని ఆవిడ చాలాసేపు నవ్వింది.

"సోడి కల్లు తేరడం నాను పుట్టి ఎరగను. తేరితే మాత్రం సెప్పు బాబూ, నా కళ్ళతో సూడాలి."

అలా ఆదివారాలు మా పని మొదలైంది. చోళ్ళు ఆవిడే మొలకెత్తించింది. వంటింటి రేకు మీద ఆరబోసి, మొలకల పీచు నలిపి చెరిగి, లైన్లలో ఎవరిదో తిరగలి తెచ్చి బరకగా విసిరింది. అందులో నా పాత్ర నీళ్ళు కాయడం, వేలు కాల్చుకోవడం. ఒక పెద్ద మట్టి బానకు అడుగున కన్నం పెట్టించి, వెదురు గొట్టం దూర్చి, దానికి బిరడా బిగించాను. ఇక లోపల ఏం పరచాలన్నదే మిగిలింది.

మొదట నా పాత పంచె ముక్క వేశాం. చోడి పిండి దాని మీద పేస్టులా అంటుకుపోయి బొట్టు కూడా దిగలేదు. అప్పుడు మామ్మ పంచెను మూట కట్టి రెండు చేతులా మెలిపెట్టి పిండింది. నేనూ ఒక చివర పట్టుకుని పిండాను. అంబలి పిండినా, చింతపండు పిండినా, కొబ్బరిపాలు పిండినా మా ఇళ్ళలో చివరి చుక్క దాకా పిండాల్సిందే. చుక్క వదిలేస్తే మా అమ్మ పెద్ద నేరం జరిగినట్టు చూసేది. కుడితిలాంటి నీళ్ళు బిందెడు వచ్చాయి. తాజా కల్లు మడ్డి కలిపి పులియబెడితే వారం తరవాత సీసాలో సగానికి సగం బురద. పైన తేలిన సగాన్ని తాగిన నాకు రెండు రోజులు కడుపు పట్టేసింది.

పిండడమే తప్పని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. పుస్తకంలో గింజను నొక్కవద్దని, కలపవద్దని స్పష్టంగా ఉంది. చదివాను కూడా. కానీ తడి గుడ్డ చేతికి దొరికితే పిండకుండా ఉండే శక్తి మా వంశంలో ఎవరికీ లేదు.

తరవాత కొబ్బరి కురిడీలు ఎండబెట్టే బట్టీలో పరిచే ఇనప వల ముక్క తెచ్చాను. దాని కళ్ళలోంచి నీళ్ళూ పిండీ కలిసి దర్జాగా దిగిపోయాయి. పైగా తుప్పు రుచి. ఆ పైన తోట వర్క్‌షాపు నుంచి పారేసిన రాగి గొట్టం ఒకటి సంపాదించి, దానికి రంపంతో సన్నని గాట్లు పెట్టి, చుట్టలా వంచి అడుగున అమర్చాను. దొరలు ఇలాగే చేసుకుంటారని నా నమ్మకం. పావుగంటలో గాట్లన్నీ పిండితో పూడుకుపోయాయి. బయటి చివరి నుంచి నోటితో ఊదితే తెరుచుకుంటాయనుకుని గట్టిగా ఊదాను. బానలోని వేడి జావ బుస్సున పొంగి నా ముఖాన, మామ్మ చీర మీద, గోడ మీద పడింది. ఆవిడ కొంగుతో నా ముఖం తుడిచింది. మా అమ్మను వదిలి వచ్చాక ఇంకొకరి చెయ్యి నా ముఖానికి తగలడం అదే మొదటిసారి. ఏడుపొచ్చింది. కాలిందని చెప్పాను.

నాలుగోసారి కొబ్బరి మట్ట మొదట్లో చెట్టును అంటిపెట్టుకుని ఉండే గోధుమరంగు పీచు వలను వాడమంది మామ్మ. తమిళ గీత కార్మికులు దాన్ని పన్నాడ అంటారు, కల్లు వడకట్టేది దానితోనే. తోటనిండా ఉన్నదే. రోజూ దాని మీద నడుస్తూ నేను రాగి గొట్టాల కోసం దేవులాడాను. మూడుసార్లు ఉడకబెట్టి రంగు పోగొట్టి రెండు పొరలు పరిచాం. ఈసారి బొట్టు బొట్టుగా దిగింది. ఆ నిదానం భరించలేక నేను కర్రతో కెలికాను. ఉన్న బొట్టు కాస్తా ఆగిపోయింది.

"కదపకు బాబూ. దాని మానాన దాన్నొగ్గీ. నువ్వు తొందరపడితే అది మూసుకుపోద్ది."

కర్ర పక్కన పెట్టి కూర్చున్నాను. నేను వరండాలో కుర్చీ మీద, ఆవిడ కింద మెట్టు మీద, మధ్యలో బాన. అలా ఎన్ని ఆదివారాలు గడిచాయో. ఆవిడ తను వచ్చిన ఓడలో ఎంతమంది వాంతులు చేసుకున్నారో చెప్పేది. మొగుడు కాలవలు తవ్వీ తవ్వీ చివరికి ఆ కాలవ గట్టు మీదే కూలిపోయాడని చెప్పేది. పెద్ద కిరాణి నడకను కూర్చున్నచోటే భుజాలు ఊపి చూపించేది. నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి. సోమవారం నుంచి శనివారం దాకా ఆవిడ పనిమనిషి, నేను కిరాణి. ఆదివారం మేమిద్దరం బొట్లు లెక్కపెట్టే మనుషులం. వడపోత దొరకకపోయినా బాగుండునని ఒక్కోసారి అనిపించేది, ఆ మాట ఆవిడతో అనలేదు.

ఒక ఆదివారం పుస్తకం తీసి తెలుగులో చెబుతూ చదివాను. బార్లీ గింజ పొట్టు బాన అడుగున పరుచుకుని అదే జల్లెడ అవుతుందని, కింద పెట్టే వల ఆ పొట్టు జారిపోకుండా పట్టడానికేనని అందులో ఉంది. ఇరవైసార్లు చదివాను గానీ బుర్రకెక్కలేదు. మామ్మకు ఒక్కసారికే ఎక్కింది. మన చోళ్ళకు పొట్టేది బాబూ, పొట్టు మనమే వెయ్యాలి, ఊక కలుపు అంది. ఏడాదిగా మేము వెతుకుతున్నది వల కాదు, ఊక. నాకు సిగ్గూ సంతోషమూ ఒకేసారి కలిగాయి.

తోటలో వరి లేదు, ఊకా లేదు. హుటాన్ మెలింటాంగ్‌లో చేపల పడవలకు ఐసు అమ్మే షెడ్డులో, దిమ్మలు కరగకుండా ఊకలో పాతిపెట్టేవారు. అప్పటికి మా వైపు కట్టడి కాస్త సడలింది గానీ బియ్యం విషయంలో ఇంకా ఎవరినీ నమ్మేవారు కాదు. బస్సెక్కి వెళ్ళి పొడి ఊక ఒక గోనె నింపించుకుని వచ్చాను. గేటు దగ్గర కాపలా పోలీసు సన్నటి ఇనప చువ్వతో గోనెను నాలుగు వైపులా పొడిచాడు. నమ్మకం కుదరక మొత్తం రోడ్డు మీద బోర్లించాడు. ఊకలో గుప్పెడు బియ్యం దాచడం ఎంత తేలికో అతనికి తెలుసు. ఒంగి, వేళ్ళతో కెలికి, నూక కనిపిస్తుందేమోనని చూశాడు. ఎందుకిదని మలయ్‌లో అడిగితే కోడిగుడ్లు నిలవ పెట్టుకోవడానికన్నాను. గుడ్లు కొనుక్కుని అప్పుడే తినెయ్ అన్నాడు. లైన్ల ఆడవాళ్ళు చూసి నవ్వుతుండగా తెల్ల చొక్కా వేసుకున్న కిరాణి రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుని ఊక ఎత్తుకున్నాడు.

ఆ ఊకను కడిగి, కాచిన నీళ్ళలో తడిపి, చోడి పిండితో కలిపాం. అడుగున పన్నాడ. మొదట దిగిన చెంబెడు మసకగా ఉంటే మళ్ళీ పైనుంచి, గరిటె మీదుగా, మెల్లగా పోశాం. రెండోసారీ అంతే. మూడోసారి ధార ఆగకుండా, సన్నగా, తనంతట తాను దిగింది. పిండలేదు, కెలకలేదు. మామ్మ తన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చుంది, ఎక్కడ పిండేస్తానోనని. నాకు తేరిందనే అనిపించింది. కానీ నల్లటి కుండలో పడే నీళ్ళలో తేట ఎంతో తెలియదు. పులిసి, మడ్డి దిగి, గాజులో పోసి వెలుగుకు పెడితేనే తెలిసేది.

అది మెర్డెకాకు, అంటే మలయా స్వతంత్రానికి, ముందు నెల. తోటలో అంతా ఆ మాటే. ఆఫీసు ముందు రంగు కాగితాలు కట్టారు. ఇకమీద అందరం ఒకటేనని వచ్చినవాడల్లా చెప్పేవాడు. చెప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ ఊపులో మామ్మతో అనేశాను. ఆ రోజు వీధి తలుపు నుంచి రావాలని, నా బల్ల దగ్గర కుర్చీలో కూర్చోవాలని, సీసా ఇద్దరం కలిసి తాగుదామని. లైన్లవాళ్ళు ఎవరూ ముందు తలుపు నుంచి కిరాణి ఇంట్లోకి వచ్చేవారు కాదు. ఎవరూ రాయని నియమం అది, ఎవరూ తప్పని నియమం కూడా.

ఆవిడ రెండు రోజులు గిన్నెలు తోముతూ ఆలోచించింది. మూడో రోజు చీపురు మూలన పెట్టి అడిగింది.

"నన్ను నిజంగా కుర్సీ మీద కూకోబెడతావా బాబూ?"

కూర్చోబెడతానన్నాను. ఆ మూడు వారాలూ నాకు బీరు మీద కంటే ఆ కుర్చీ మీదే ధ్యాస. ఎదురు కుర్చీ కాలు ఊగుతుంటే మేకు కొట్టించాను. అన్నాళ్ళూ నాకు కావలసింది నా బల్ల దగ్గర ఇంకొక మనిషి కూర్చుని తాగడం. అంతే. అందుకోసం ఇంత వడపోత అవసరమైంది.

ఆ రోజు పొద్దున్నే తోటంతా లారీలెక్కి పట్నం వేడుకలకు వెళ్ళిపోయింది. పెద్ద కిరాణి కుటుంబమూ వెళ్ళింది. మధ్యాహ్నం మామ్మ వచ్చింది. ఉతికిన చీర, తడిసి అణిగిన జుట్టు. వీధి మెట్ల దగ్గర చెంబు నీళ్ళు అడిగి కాళ్ళు కడుక్కుని, గుమ్మం దాటి లోపలికొచ్చింది. రోజూ ఊడ్చే గదినే కొత్తగా చూసింది. కుర్చీ చూపించాను. అంచు మీద కూర్చుని, కాసేపటికి వెనక్కి ఆనుకుంది. చేతులు బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకుని, నవ్వింది. అంత సంతోషం నాకు ఆ ఇంట్లో ఎప్పుడూ కలగలేదు.

వంటింట్లోకి వెళ్ళి తడి గోనెలోంచి సీసా తీశాను. కిటికీ వైపు ఎత్తి చూస్తే అవతల కొబ్బరి చెట్ల వరస కనిపించింది. లేత టీ రంగు, ఒక్క నలుసు లేదు. పరుగులాంటి నడకతో రెండింట్లో పోసి, రెండు చేతుల్లోనూ తెచ్చి బల్ల మీద పెట్టాను. పెట్టాక చూశాను. నా ముందున్నది గాజు గ్లాసు. ఆవిడ ముందు పెట్టింది రేకు మగ్గు.

వెనక తలుపు పక్కన మేకుకు తగిలించి ఉండే మగ్గు అది. ఉత్తరం రాయించుకోవడానికో, మందు కోసమో వచ్చిన లైన్లవాళ్ళు మంచినీళ్ళడిగితే అందులో ఇచ్చేవాళ్ళం. నా ముందున్న కిరాణి కాలం నుంచీ అది అక్కడే. నా గిన్నెలతో కలవదు. రోజూ దాన్ని విడిగా తోమి విడిగా తగిలించేది మామ్మే. ఇంట్లో ఎవరూ లేరు, తోటలోనే ఎవరూ లేరు. నన్ను చూస్తున్నవాళ్ళు లేరు, ఇలా చెయ్యమన్నవాళ్ళు లేరు. అలవాటుగా నా చెయ్యి వెళ్ళి దాన్ని తీసుకుంది.

ఆవిడ మగ్గు వైపు ఒక క్షణం చూసింది. కోపగించుకోలేదు. దాన్ని తీసుకుని కుర్చీలోంచి లేచి, వంటింట్లోంచి వెనక వరండాకు నడిచి, రోజూ కూర్చునే కింది మెట్టు మీద కూర్చుంది. నేను నా గ్లాసు పట్టుకుని వెనకే వెళ్ళి వరండా అంచున నిలబడ్డాను. ఆవిడ ఒక గుక్క తాగి, మగ్గులోకి తొంగిచూసి, తల ఎత్తింది.

"తేరిందా బాబూ?"

తేరిందని చెప్పాను. గాజు గ్లాసు నా చేతిలోనే ఉంది. ఒంగి ఆవిడ చేతికిస్తే సరిపోయేది. మూడడుగుల దూరం కూడా లేదు. ఎందుకివ్వలేదో ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఇస్తే చేసిన తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయపడ్డాననుకుంటాను. ఇవ్వకపోతే ఆ తప్పు కనిపించకుండా పోతుందనుకున్నాను.

"అయితే మంచిదే" అంది. మిగిలింది తాగేసి, మగ్గు కడిగి, దాని మేకుకు తగిలించింది. నా ఇంటికి ఎప్పుడొచ్చినా తన ఇష్టమొచ్చిన వేళకు వచ్చే మనిషి, ఎప్పుడూ అడగని మాట ఆ రోజు అడిగింది.

"రేపు ఎన్ని గంటలకు రమ్మంటారు?"